వందకు వంద వచ్చిన ఏడాది

హైస్కూలుకు డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయి, బడి చరిత్ర రాసిపెట్టండని హెడ్మాస్టరు త్రివేణి మేడమ్ అడిగితే శ్రీరంగప్ప సారు పొంగిపోయాడు. ఉరవకొండ దారిలోని ఆ చిన్న ఊళ్లో పదకొండేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు, ఇంకెవరు రాస్తారు? చవుడు మట్టి కప్పిన మిద్దెలో నలభై మందితో బడి మొదలైన సంగతి, కరువులో చందాలెత్తి బోరు వేయించిన సంగతి గడగడా రాసేశాడు. తీరా తొంభై తొమ్మిదో సంవత్సరం దగ్గరికొచ్చేసరికి కలం మొరాయించింది.

ఆ ఏడు పదో తరగతి వందకు వంద పాసు. పెద్ద ఆఫీసర్లు వచ్చి సారుకు శాలువా కప్పారు. అసలు సంగతి ఆయనొక్కడికే తెలుసు. లెక్కల్లో తప్పుతారనుకున్న ముగ్గురి పేర్లు పరీక్షకు పంపే జాబితాలోంచి ముందే తీసేసి, హాజరు చాలలేదని చెప్పి ఇంటికి పంపేశాడు. వచ్చి నిలదీసే దిక్కులేనివాళ్లనే ఏరుకున్నాడు, మహానుభావుడు.

ఆ ముగ్గురిలో సువర్ణ ఒకతె. ఇప్పుడు అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. స్టాఫ్ రూములో రాసుకుంటున్న సారుకు టీ తెచ్చి, కాగితం మీదికి తొంగిచూసింది.

"మా బ్యాచే కద సార్ అది? నేను సదివిండే ఏడే వందకు వంద వచ్చిందని మా పాపకు శానాసార్లు సెప్పినా."

సారుకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నోరు మూసుకుంటే పుస్తకం అచ్చవుతుంది, ఈ పిచ్చితల్లి దాన్ని ఇంట్లో దాచుకుంటుంది. ఆ ఊహకే తన మీద తనకు అసహ్యమేసింది.

"సువర్ణా, నీ హాజరు సరిపోయిందమ్మా. నేనే అబద్ధం చెప్పినా. నువ్వు లెక్కల్లో తప్పితే బడికి పేరు రాదని."

ఆమె అర్థం కానట్టు చూసింది. "రెండు నెల్లు బెంగుళూరుకు పనికి పోయింటిమి కద సార్?"

"అయినా సరిపోయింది."

సువర్ణ బెంచీ మీద కూలబడింది. నాలుగు తిట్లు తిడితే బాగుండును అనుకున్నాడు సారు. ఆమె తిట్టలేదు.

"మా నాయన బెంగుళూరుకు పిల్చుకపోయి నా సదువు చెడగొట్టినాడని, సచ్చేదాంకా ఆయనతో సరిగ్గా మాట్లాడల్యా సార్," అంది. "ఆసుపత్రిలో గూడా, తప్పయిపాయ తల్లీ అని నా చెయ్యి పట్టుకున్యాడు. ఇడిపించుకుంటి."