తడి గోనెలు

నా చెల్లెలు అంబిక కొడుకు అమరేష్‌ను ఇంటికి తీసుకురావడానికి నేను దుబాయి వెళ్లింది ఆషాఢంలో. ఆ నెలలో అక్కడికి కావాలని ఎవరూ పోరట. విమానంలో పక్క సీటాయన చెప్పాడు. అప్పటికే ఎక్కేశాను.

అమరేష్ అక్కడ మేడల పైకప్పుల మీద ఏసీలు బిగించే పని చేసేవాడు. ఒకే నెలలో రెండుసార్లు ఎండలో కళ్లు తిరిగి పడ్డాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. వాడి గదిలోనే ఉండే, చింతామణి ఊరి పిల్లవాడు మంజునాథ నాకు ఫోన్ చేశాడు.

"అప్పా, వానికి ఒంటేలు కాఫీ డికాషన్ మాదిరి వస్తాండాది. డాక్టరు దగ్గరికి పోరా అంటే పోడు. ఎవరన్నా వచ్చి పిల్చుకోని పోండి."

అంబిక ఆ రోజు అన్నం ముట్టలేదు. "నువ్వు పో అన్నా. వాణ్ణి ప్రాణంతో తెచ్చి నాకియ్యి" అంది. తండ్రి చనిపోయాక అమరేష్ జంగమకోటెలో మా ఇంట్లోనే పెరిగాడు. నా పట్టుపురుగులకు ఆకు వేసి, ఆ తట్టల పక్కనే పడుకునేవాడు. అందుకని నేనే బయలుదేరాను.

విమానం దిగి బయట కాలు పెట్టగానే కళ్లద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకుంటే మళ్లీ మసక. ఎడారి అంటే ఎండిపోయిన నేల కదా, ఈ తేమ ఎక్కడిదని అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

అమరేష్ ఎదురొచ్చాడు. చొక్కా వాడి భుజాల మీద చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"ఏం మామా, మతి గాని పోయిందా నీకు? ఊర్లో సల్లగా మోడం పట్టుకోనుంటే ఈ పొయ్యిలోకి వచ్చినావే!"

"నిన్ను చూసి పోదామని వచ్చినాన్రా."

"చూసినావు కదా. ఇంక పో" అని నవ్వి, నా సంచి అందుకోబోయి మోయలేక కింద పెట్టేశాడు.

మూడు రోజులు బతిమాలాను. మూడో రాత్రికి ఒప్పుకున్నాడు. బుధవారానికి టికెట్లు తీశాం. డాక్టరు సంగతి ఊళ్లోనే చూసుకుంటానన్నాడు. అంబికకు ఫోన్ చేసి చెబితే అది ఏడుస్తూనే నవ్వింది.

ఆదివారం వాళ్లకు సెలవు. ఆ మధ్యాహ్నం మేడంతా కరెంటు పోయింది. అమరేష్‌కు ఒళ్లు కాలుతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి. చాప మీద ముడుచుకుని పడుకున్నాడు.

మంజునాథ చెప్పులు వేసుకున్నాడు. "అప్పా, రోడ్డు దాటితే పెద్ద అంగడి ఉండాది. లోపల ఏసీ ఉంటాది. చెరో పక్క పట్టుకోని వీణ్ణి ఆడికి తీసుకుపోదాం."

"ఈ ఎండలో నడిపిస్తావా? నలభై ఏండ్లు పురుగులు సాకినోణ్ణి నేను. వేడి ఎట్ల దించాల్నో నువ్వు నాకు చెప్పేదేంది? పో, కరెంటోణ్ణి పిల్చుకోని రా."

"వాడు పురుగు కాదు కదప్పా."

అమరేష్ కళ్లు తెరవకుండానే నవ్వాడు. "మామకి నేనూ పురుగేలేరా. నాలుగో జ్వరంలో ఉండా."

పురుగులు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటాయి. దాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం దాటిందంటే ఇక గూడు కడతాయి. వాడి మాట నాకు శుభంగానే వినిపించింది.

మంజునాథ వెళ్లాడు. వంటగదిలో ఖాళీ బియ్యం గోనెలు ఉన్నాయి. వాటిని తడిపి కిటికీకి అడ్డంగా కట్టాను. మా వైపు ఎండాకాలంలో పురుగుల ఇంటికి ఇదే చేస్తాం. పొడిగాలి తడి గోనె గుండా వచ్చి లోపల చల్లబడుతుంది. చల్లదనం బయటికి పోకూడదని తలుపు కూడా మూశాను. నేల మీద నీళ్లు చల్లాను. అక్కడి గాలిలో అప్పటికే సముద్రపు తడి నిండి ఉందని, ఆ గోనెలు ఆరవని, ఆరనిదే చల్లబడవని నాకు తట్టలేదు.

కాసేపటికి గోడలకు చెమట పట్టింది. అమరేష్ చెమట మాత్రం ఆగిపోయింది. చల్లబడుతున్నాడనే అనుకున్నాను. వాడు పురుగుల మేత సంగతేదో కలవరించాడు. "మామా, ఆకు తడిగా ఉండాది. వెయ్యద్దు." తర్వాత తల ఒక పక్కకు వాలిపోయింది.

ఉక్కలో చెడిపోయిన పురుగు అట్లాగే తల వాలుస్తుంది. అప్పుడు తెలిసింది నాకు. తలుపు తీయడానికి లేచాను. గడియ లాగాను. బయటినుంచి మంజునాథే తోసుకుని వచ్చాడు. గోనెలు పీకి పారేసి, వాణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ప్రాణం దక్కింది. మూత్రపిండాలు రెండూ పోయాయి. డాక్టరు చెప్పింది మంజునాథ నాకు తెలుగులో చెప్పాడు. "ఒళ్లు ముందే చెడిందంట అప్పా. ఐనా ఆ గంట ఆ గదిలో లేకుంటే ఇంత కాకపోవునంట." ఆ మాట వాడు ఇంకెవరికీ చెప్పలేదు.

నెల తర్వాత ఊరికి తెచ్చాను. వారానికి రెండుసార్లు చిక్కబళ్లాపురం ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. చూడవచ్చిన ప్రతివారికీ అమరేష్ ఒకటే చెప్పేవాడు. "ఆ పొద్దు మామ గోనెలు తడిపి కట్టకుంటే నేను పోయేవాణ్ణే." అది విని అంబిక నా కాళ్లకు మొక్కింది. నేను వెనక్కి జరిగాను.

పది రోజులు ఓర్చుకున్నాను. ఒక పొద్దున అంబిక పురుగులకు ఆకు తరుగుతుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ పొద్దు గది తలుపు మూసింది నేనేమ్మా."

కత్తి ఆగింది. "కిటికీ?"

"గోనెలు కట్టేసినా."

"గాలికి సందు పెట్టల్యా అన్నా?"

"ల్యా."

అంబిక కూడా పదేళ్ల వయసు నుంచి పురుగులు పెంచిందే. తడి గదికి గాలి ఆడకుంటే పురుగు ఏమవుతుందో దానికీ తెలుసు. తరిగిన ఆకంతా తట్టలో వేసింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"రేపట్నుంచి ఆస్పత్రికి వాణ్ణి నేనే పిల్చుకోని పోతా. నువ్వు రావద్దు."

మరునాడు బస్సు దగ్గరికి వెళ్లాను. అంబిక నా వైపు చూడకుండా వాణ్ణి ఎక్కించింది. అమరేష్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మామా, ఎక్కల్యా?"

"మామకి పనుండాది" అని అంబిక వాడి తల లోపలికి లాగింది.

బస్సు కదిలింది. నాకు ఆ రోజు ఏ పనీ లేదు.