సింకు కింద గిన్నె

పొద్దున్నే అంట్లు తోమేముందు ఆమెకి ఇంకో పని ఉంటుంది. సింకు కింద అర తలుపు చప్పుడు కాకుండా తీసి, లోపల పెట్టిన గిన్నెలో నీళ్ళు పారబోసి, పైపుకి చుట్టిన గుడ్డ పిండి మళ్ళీ చుట్టాలి. ఆదివారం భర్త బిగించిన పైపు మర్నాటికే కారడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలియకూడదు.

తెలిస్తే మళ్ళీ పానా బయటికొస్తుంది. ఇక ఆ పూటంతా ఇల్లు ఊపిరి బిగబట్టుకోవాలి. ఆయన సింకు కింద తల దూర్చి పడుకుంటే, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకోవాలి. "వెలుతురు నా మొహం మీద కాదు, పైపు మీద! ఆ మాత్రం పట్టుకోవడం కూడా రాదా?" అలా పట్టుకుని చూసీ చూసీ ఆమెకి పనే పట్టుబడింది. నీళ్ళు కారకుండా మరకి చుట్టే తెల్ల టేపుని ఆయన ఎప్పుడూ మర తిరిగే వైపుకి ఎదురు చుడతాడు. నట్టు బిగిస్తున్నకొద్దీ అది ఊడి పోగులై వచ్చేస్తుంది. ఓసారి ఉండబట్టలేక, "ఏమండీ, ఇటునుంచి చుడితే..." అంది. "ఓహో, మేస్త్రమ్మగారా! అయితే నువ్వే దూరు లోపలికి." కాసేపటికి నీళ్ళు ఆయన మొహాన చిమ్మగానే పానా ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. టైలు పెచ్చులేచింది. "నిన్ను కొట్టానా? గోడనే కదా!" అన్నాడు తర్వాత, తీరిగ్గా భోంచేస్తూ. ప్లంబర్ని పిలుద్దామంటే, ఇంట్లో మగాడు చచ్చాడా అంటాడు. అత్తగారేమో, "మావాడు చెయ్యి పెట్టాడంటే ఇక తిరుగులేదమ్మాయ్. ఆపైన వాడేవాళ్ళని బట్టి" అంటుంది. ఆ చివరి ముక్క ఎవరికో ఆమెకి తెలుసు.

ఆఫీసులో టైపు చేస్తున్నంతసేపూ చెవిలో చుక్కలు పడుతూనే ఉంటాయి. గిన్నె నిండిందేమో, పొర్లి నేలమీదికొచ్చిందేమో, ఆయన ముందుగా వచ్చేశాడేమో. పరుగున ఇంటికొచ్చి చూస్తే గిన్నె సగానికి మించి ఉండదు. కారడం తగ్గుతోంది కాబోలని ప్రాణం కుదుటపడుతుంది.

ఆ రోజు తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వంటింట్లో అత్తగారు నేలమీద కూర్చుని, అరలోంచి గిన్నె మెల్లగా బయటికి లాగుతోంది. పక్కన పిండిన గుడ్డ.

"అత్తయ్యా!"

ముసలావిడ ఉలిక్కిపడింది. గిన్నె అంచు పైపుకి తగిలింది. అంతే, పైపు ఊడి నీళ్ళు ఇద్దరి మీదా ఎగజిమ్మాయి. ఆమె పరుగెత్తి బాత్రూం పక్కనున్న వాల్వు తిప్పింది. తిరిగొచ్చేసరికి అత్తగారు ఆ నీళ్ళలోనే కూర్చుని తన చీర కొంగుతో నేల తుడిచేస్తోంది.

"రోజూ మీరే పారబోస్తున్నారా?"

"నువ్వటు ఆఫీసుకెళ్ళాక నిండిపోతోందమ్మా. వాడి కంట పడితే..." "నేను తగిలించానని వాడికి చెప్పకేం. నీకు పుణ్యముంటుంది."

కన్నకొడుకు. ఎత్తుకుని పెంచిన చేతులు, ఆ కొడుక్కి జడిసి వణుకుతున్నాయి. ఆ వణుకు ఆమెకి కొత్తది కాదు. పొద్దున అర తలుపు తీసే తన చేతులదీ అదే. ఇంకొన్నేళ్ళకి తనూ ఇలాగే తడి కొంగుతో నేలమీద కూర్చుంటుందా? "నేనే తగిలించానని చెప్తాన్లెండి" అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేసింది.

అత్తగారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలిచ్చి, వీధి చివర ప్లంబర్‌కి ఫోన్ చేసింది. తర్వాత భర్తకి.

"సింకు కింద పైపు ఊడిందండీ. ప్లంబర్ వస్తున్నాడు."

అటునుంచి ఏదో బల్లమీద విసురుగా పడ్డ చప్పుడు.

"ఎవరు కదిలించారు దాన్ని?"

అత్తగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వద్దు వద్దని తల ఊపుతోంది.

"ఎవరు కదిలిస్తే ఏముందండీ? మీకు బిగించడం చేతకాలేదు."

ఆమె గోడకి ఆనుకుంది. ఫోన్లో ఆయన ఊపిరి బుసబుసా వినిపిస్తోంది. ఆమె మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.