దొరల సమాధుల్లో సత్తు డబ్బా

నేను ఒక సత్తు డబ్బాను. పుట్టింది రేకుల కార్ఖానాలో, పెరిగింది జోగారావుగారి స్కూటరు హ్యాండిలుకు వేలాడుతూ. పాతికేళ్లు ఆయనకు ఆఫీసులో అన్నం పెట్టాను. పక్కన సొట్ట పడిందని ఆయన నన్ను పారేయబోతే భార్య హైమావతమ్మ అడ్డుపడింది. ఆవిడకు ఓ వింత ఆట పిచ్చి.

ఒక డబ్బాలో నోటుపుస్తకం, రబ్బరు ముద్ర, సిరా పెట్టి ఎవరూ తిరగని చోట దాస్తారు. ఆనవాళ్లు తోటి ఆటగాళ్లకు రాసి పంపుతారు. వెతికి పట్టుకున్నవాళ్లు తమ ముద్ర అందులో వేసి, డబ్బా ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, మళ్లీ అక్కడే దాచాలి. ఆట తెలియనివాళ్లకు మాత్రం చచ్చినా చెప్పకూడదు. మనుషులకు పని తక్కువైతే ఇలాంటి నియమాలే పుడతాయి.

ఆవిడ నా ముద్ర కోసం హవాయి చెప్పు అడుగు కోసి నగారా బొమ్మ చెక్కింది. మన్యం సరిహద్దున పోరుమెట్ట మీద, అక్కడి యుద్ధంలో పోయిన ఇంగ్లీషువాళ్లను పాతిన దొరల సమాధుల్లో, నగారా వాయించే ఒక సిపాయి రాయి వెనక నన్ను దాచింది.

"సమాధుల్లో డబ్బా ఏంటే? చూసినవాళ్లు చేతబడి అనుకుంటారు" అని నవ్వాడు జోగారావు.

ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. మిగతా రోజుల్లో నేనూ, ఉడతలూ. నాలో అన్నం వాసన కూడా పోయింది. బెంగగా ఉండేది.

పోయినేడు ఆవిడ చిక్కి సగమై, భర్త చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆయన్ని గేటు దగ్గరే నిలబెట్టి పుస్తకంలో ఏదో రాసింది.

"నేను పోయాక వచ్చి వెతుక్కోండి. అప్పటిదాకా చూడ్డానికి వీల్లేదు" అంది.

తర్వాత సమాధుల పండక్కి సున్నం వేస్తూ కాపలా మనిషి సువార్తమ్మ నన్ను చూసింది. ఎవరో మరిచిపోయారనుకుని, వానకు తడుస్తానని పనిముట్ల గదిలో పెట్టింది.

ఈ ఏడు జోగారావు ఒక్కడే వచ్చాడు. సిపాయి రాయి చుట్టూ మోకాళ్ల మీద పాకి, గోళ్లతో మట్టి గీకాడు.

"ఏటి బాబూ ఎతుకుతన్నారు? ఏటైనా పారేసుకున్నారేటి?" అని సువార్తమ్మ అడిగింది.

ఆయన గబగబా చేతులు దులుపుకున్నాడు.

"అబ్బే, ఏం లేదమ్మా. రాళ్ల మీద పేర్లు చదువుతున్నాను."

ఆట తెలియనివాళ్లకు చెప్పకూడదన్న ఆ నియమాన్ని జీవితమంతా వెక్కిరించిన మనిషి! ఆవిడ పోయాక దాన్ని మీరడానికి ఆయనకు మనసొప్పలేదు. డబ్బా అని ఒక్క మాట చెప్పవయ్యా అని తలుపు వెనక నేను గింజుకున్నాను. ఆయన వచ్చి నా గది మెట్టు మీదే, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి లేచి వెళ్లిపోయాడు.

సువార్తమ్మ లోపలికొచ్చి కొంగుతో నా మీది దుమ్ము తుడిచింది.

"ఎవులిదో పాపం. అడిగితే ఇచ్చేద్దును."

మూత తీసి, పుస్తకం తెరిచి చూసింది. చదువు రాదు, మళ్లీ పెట్టేసింది. ఆ పేజీలో వంకర అక్షరాలతో ఇలా ఉంది: "దొరికానా? చాలా నడిచుంటారు. ఎండ తగ్గేదాకా నా దగ్గర కూర్చుని వెళ్లండి."

అప్పటికి ఆయన మిట్ట మధ్యాహ్నపు ఎండలో పోరుమెట్ట దిగిపోతున్నాడు.