చక్రం చల్లారేదాకా

ఎమ్మిగనూరులో ఆదోనికి పోయే రోడ్డు పక్కన నరసప్పకు ఒక రేకుల షెడ్డుంది. ట్రాక్టరు ట్రాలీలకు, టైరు బండ్లకు ఇరుసులు సరిచేయడం, బేరింగులు మార్చడం అతని పని. ముప్పై ఏళ్ళుగా ఆ పనే. తను బిగించిన చక్రం ఏడాది దాకా మళ్ళీ షెడ్డు ముఖం చూడదని అతనికి నమ్మకం. చుట్టుపక్కల రైతులకూ అదే నమ్మకం. అందుకే రెండు నెలల్లో ఆ నీలం పడవ మూడోసారి షెడ్డు ముందు ఆగేసరికి నరసప్పకు తల కొట్టేసినట్టయింది.

పడవ మాధవరం ఈరేష్‌ది. వాళ్ళ నాయన బుట్టలాంటి పుట్టి పడవ వేసుకుని తుంగభద్రలో చేపలు పట్టేవాడు. ఈరేష్‌కు మాత్రం చేపల సొసైటీ నుంచి ఫైబర్ పడవ, దాన్ని ఎక్కించుకుని పోవడానికి రెండు చక్రాల ఇనప ట్రాలీ వచ్చాయి. ఏట్లో నీళ్ళు తగ్గి మడుగులే మిగిలే రోజుల్లో అతను ట్రాలీని పికప్ బండికి తగిలించుకుని, యాభై కిలోమీటర్ల అవతల గాజులదిన్నె డ్యాముకు పోయి వల వేసుకుని వస్తాడు. భార్య రాధిక ఎప్పుడూ వెంటే ఉంటుంది. వల లాగడంలో సగం బరువు ఆమెది. చేపల్ని ఐసులో సర్దే పని మొత్తం ఆమెదే.

"మళ్ళ ఎడమ చక్రమన్నా," అన్నాడు ఈరేష్ బండి దిగి. గొంతులో కోపం లేదు. అదే నరసప్పకు ఎక్కువ బాధగా ఉంది.

రాధిక అలా ఊరుకునే మనిషి కాదు. "నిన్న గోనెగండ్ల కాడ పట్టేసిందన్నా. రెండు గంటలు రోడ్డు మీద కూచున్నాం. ఐసంతా నీళ్ళయిపాయ. మొదట ఎడమది మార్చినావు, తర్వాత రెండు పక్కలా మార్చినావు, ఇప్పుడు మళ్ళ ఎడమది. నువ్వు మనసు పెట్టి చేస్తాండావా లేదా, సెప్పు."

ఎదురుగా టీ అంగడి లక్ష్మప్ప గ్లాసులు కడుగుతూ నవ్వాడు. "ఏం నరసప్పా, పడవ మళ్ళ నీ కాడికే వచ్చె? ఈడ నీళ్ళు ల్యావని దానికి సెప్పరాదా?"

నరసప్ప షెడ్డులోకి పోయాడు. జాకీ తెచ్చి ఇరుసు కింద పెట్టాడు. మొదటిసారి బేరింగు పాతబడిందనుకున్నాడు. రెండోసారి కొత్త బేరింగే నాసిరకమేమోనని అనుమానించి, ఆదోనికి పోయి, అంగట్లో నాలుగు బేరింగులు చెవి దగ్గర తిప్పి చూసి మరీ ఏరుకొచ్చాడు. ఇక అనుమానించడానికి అతనికి ఏమీ మిగల్లేదు.

చక్రం నడుమ గ్రీజు కారిపోకుండా, దుమ్ము లోపలికి పోకుండా బిగించే మూత ఉంటుంది, చిన్న రేకు గిన్నెలాగ. స్క్రూడ్రైవరు పెట్టి దాన్ని ఊడదీశాడు. తేనె రంగులో ఉండాల్సిన గ్రీజు, పాలు ఎక్కువైన టీలా తెల్లబడి నురుగు కట్టి ఉంది. బేరింగును గుడ్డతో తుడిస్తే తుప్పు చుక్కలు బయటపడ్డాయి.

"నీళ్ళు పోయినాయి," అన్నాడు నరసప్ప. "చక్రాలకు పైపు పెట్టి కడుగుతాండారా?"

"లేదన్నా. నీళ్ళలోకి దించుతాం గదా."

"దేన్ని?"

"ట్రాలీని. వెనక్కి తోలి, చక్రాలు మునిగేదాకా దించితే పడవ దానంతటదే తేలిపోతాది. లేకుంటే అంత బరువు ఎవురు ఎత్తాల?"

నరసప్ప తలెత్తి పడవ వైపు చూశాడు. అతను పుట్టింది మద్దికెరలో. నీళ్ళంటే లోతు బావి అడుగున మిలమిలలాడేవే అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ ఆ పడవను నలుగురు మనుషులు మంచం దించినట్టు దించుతారనే అనుకున్నాడు. ఈరేష్ ఎప్పుడూ చెప్పలేదు. తనూ ఎప్పుడూ అడగలేదు.

కానీ అది విన్నాక కూడా లెక్క తేలలేదు. ట్రాక్టరు ట్రాలీలు వంకల్లో, వరి మడుల్లో పడి పోతూనే ఉంటాయి. కౌతాళం వైపు నుంచి వచ్చేవి బురదతో నిండిపోయి వస్తాయి. వాటి బేరింగులు ఇంత తొందరగా పోవు. మూత గట్టిగానే ఉంది. వెనక వైపు రబ్బరు సీలు కొత్తది. మరి నీళ్ళు ఏ దారిన పోయినట్టు?

షెడ్డులో పాత నట్లు, బోల్టులు ఏరి డబ్బాల్లో వేస్తున్న అతని భార్య సంతోషమ్మ తలెత్తింది. "ఈడ కూచోని ఎంతసేపు తల గీక్కుంటావు? పోయి సూడరాదా, అది నీళ్ళలో ఎట్ల దిగుతాదో."

"షెడ్డు?"

"ఒకనాడు మూస్తే ఏమయితాది? నేనూ వస్తా. డ్యాము సూసి ఎన్నేండ్లాయ."

గురువారం పొద్దున ఆరింటికి ఈరేష్ బండి షెడ్డు ముందుకొచ్చింది. నరసప్ప ముందురోజే రెండు చక్రాలకూ కొత్త బేరింగులు, కొత్త సీళ్ళు వేసి, గ్రీజు పట్టించి ఉంచాడు. ఆడవాళ్ళిద్దరూ ఈరేష్ పక్కన కూర్చున్నారు. నరసప్ప బండి తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చుని, దారి పొడుగునా ఆ చక్రాల్నే చూస్తూ పోయాడు. గోనెగండ్ల దాటేదాకా అవి అటూ ఇటూ ఊగలేదు, శబ్దం చేయలేదు. తన పనిలో తప్పు లేదని అతనికి కొంత ధైర్యం వచ్చింది.

డ్యాము కట్ట దిగి నీళ్ళ అంచుకు చేరగానే నరసప్ప కిందికి దూకి, చక్రం నడుమ మూత మీద అరచెయ్యి పెట్టాడు. మూడు లెక్కపెట్టేలోగా తీసేయాల్సి వచ్చింది. అంత దూరం పరుగెత్తిన చక్రం ఆ మాత్రం వేడెక్కడం మామూలే. ఈరేష్ ఎప్పటిలాగే ఆగకుండా బండిని వెనక్కి తోలాడు. చక్రాలు మునిగాయి. ఇరుసు దగ్గర సన్నని బుడగలు నాలుగు లేచి, ఆగిపోయాయి. పడవ ఒక్క ఊపు ఊగి, నిజంగానే దానంతటదే తేలింది.

"సూసినావా అన్నా, ఎంత సులభమో!" అన్నాడు ఈరేష్. ట్రాలీని గట్టుకు లాగి పెట్టి, భార్యాభర్తలిద్దరూ పడవెక్కి వలలు వేసే చోటికి పోయారు.

నరసప్ప గట్టు మీద ట్రాలీ పక్కనే కూలబడ్డాడు. చూడాల్సింది చూశాడు. ఏమీ అర్థం కాలేదు. ఎండ ముదిరింది. దూరంగా పడవ ఆవగింజంత అయింది. చుట్టూ అన్ని నీళ్ళు చూసి సంతోషమ్మ మాత్రం సంబరపడిపోతోంది. కాళ్ళు కడుక్కుంది, మొహం కడుక్కుంది, కొంగు తడుపుకుని నెత్తిన వేసుకుంది. చివరికి, "రా, తిందువు," అని టిఫిన్ డబ్బా ముందు పెట్టింది.

డబ్బా మూత రాలేదు. నరసప్ప తిప్పాడు, లాగాడు, మోకాళ్ళ మధ్య పెట్టుకుని బలమంతా పెట్టాడు. స్పానర్లు తిప్పి కాయలు కాసిన ఆ చేతులకు స్టీలు మూత లొంగలేదు.

"అది రాదులే," అంది సంతోషమ్మ. "నువ్వు బిరీన బిరీన అని గంతులేస్తివి, నేను పొగలు కక్కే అన్నం పెట్టి మూసేస్తి. సల్లారినాక పెట్టింటే ఇట్ల పట్టుకోదు. లోపల గాలి సల్లబడి గుంజుకుంటాది. ఇట్లియ్యి, అంచు కాడ స్పూను దూర్చాల."

ఆమె స్పూను దూర్చింది. 'చుస్'మని గాలి లోపలికి పోయిన చప్పుడైంది. మూత ఊడి చేతిలోకొచ్చింది.

"ఏమన్నావు?" అన్నాడు నరసప్ప.

"తిను అంటాండా."

"అది కాదు మేయ్. గుంజుకుంటాదని అన్నావే, అది మళ్ళ సెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. నరసప్ప అన్నం వదిలేసి లేచాడు. బండిలోని జాకీ ఇరుసు కింద పెట్టి, సంచిలోంచి స్క్రూడ్రైవరు, సుత్తి, స్పానరు తీసుకుని ఎడమ చక్రం ముందు కూర్చున్నాడు. మూత ఊడదీసి, నట్టు విప్పి, చక్రం లాగి, వెనక వైపు సీలు చుట్టూ వేలు తిప్పి చూశాడు. నిన్న తన చేత్తో పట్టించిన తాజా గ్రీజు మీద రెండు నీటి బొట్లు మెరుస్తున్నాయి. ఒక్క పూటలో, ఒక్క మునకలో!

"సంతోషా, ఈడికి రా," అని కేకేశాడు. "చక్రం వేడిగా ఉన్నప్పుడు లోపల గాలి ఉబ్బి సీలు సందులో నుంచి బయటికి పోతాండాది. ఆ వేడి మీదనే సల్లని నీళ్ళలో ముంచితే లోపలుండే గాలి ముడుసుకుంటాది. అప్పుడు బయట ఏముంటే అదే గుంజుకోవాల. ఈడుండేది నీళ్ళే గదా! ట్రాక్టర్లు మెల్లగా పోతాయి, వాటికి ఇంత వేడి యాడిది?"

సంతోషమ్మ వంగి ఆ రెండు బొట్లనూ చూసింది. "అన్నం డబ్బా మాదిరే," అంది.

"డబ్బా మాదిరే," అన్నాడు నరసప్ప. అతని మొహం చాలా రోజుల తర్వాత విప్పారింది. అప్పుడు కూర్చుని, పప్పన్నం మెతుకు మిగలకుండా తిన్నాడు.

మధ్యాహ్నం పడవ గట్టుకొచ్చేసరికి చక్రం తుడిచి, గ్రీజు మార్చి సిద్ధంగా ఉంది. నరసప్ప ఈరేష్‌నూ రాధికనూ కూర్చోబెట్టి ముందు తన తప్పు చెప్పాడు. "మూడుసార్లు మార్చినాను గాని, ఈ చక్రం యాడికి పోతాది, ఏం చేస్తాదని ఒక్కసారి అడగలేదమ్మా. అది నా తప్పే. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఈడికి వచ్చినాక వెంటనే దించొద్దు. మూత మీద చెయ్యి పెట్టి సూడండి. చెయ్యి ఆనేటంత సల్లారినాకనే నీళ్ళలోకి. అరగంట పడతాది. నేను లోపల గాలికి సోటు లేకుండా గ్రీజు నిండా పట్టిస్తా."

"అరగంటా?" ఈరేష్ మొహం వాడింది. "పొద్దెక్కితే చేపలు లోతుకు పోతాయన్నా. వచ్చి ఊరికే కూచోవాల్నా?"

"కూచుందాం," అంది రాధిక. "పెండ్లయి తొమ్మిదేండ్లాయ. ఒక అరగంట తీరిగ్గా కూచోని మాట్లాడుదాం రా అంటే ఏనాడన్నా కూచున్నావా? ఇప్పుడు చక్రం సెప్తే కూచుంటావు. అరగంట ముందు బయల్దేరితే సరిపాయ."

సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈరేష్ కూడా నవ్వక తప్పలేదు.

రాధిక అంతటితో ఊరుకోలేదు. గ్రీజు ఎలా పట్టిస్తారో తనకు చూపించమంది. నరసప్ప కుడి చక్రం విప్పి, ఆమె ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టి, కుడి చేతికి బేరింగు ఇచ్చాడు. అంచును అరచేతికేసి అదుముతూ పోతే, గుండ్ల సందుల్లోంచి గ్రీజు అవతలి వైపు పురుగుల్లా బయటికి రావాలి. అట్లా చుట్టూ వచ్చేదాకా అదమాలి. పైపైన పూస్తే లాభం లేదు. రాధిక మొదట పూసింది, తర్వాత అదిమింది. మూడో ప్రయత్నానికి గ్రీజు చుట్టూ సమంగా బయటికొచ్చింది. "రొట్టె పిండి పిసికినట్టే ఉండాది," అంది. మూత బిగించేటప్పుడు నడుమ సుత్తితో కొట్టబోయింది. నరసప్ప ఆపాడు. "నడుమ కొడితే సొట్ట పడి అంచు లేస్తాది. కట్టె పెట్టి అంచు చుట్టూ మెల్లగా కొట్టమ్మా."

సాయంత్రం వాళ్ళు షెడ్డు దగ్గర దించిపోతూ సంతోషమ్మ చేతిలో పెద్ద బొచ్చె చేపను పెట్టారు. పులుసు ఉడికే వాసనకు లక్ష్మప్ప అంగడి కట్టేసి మరీ వచ్చి, పులుసు గిన్నె ముందు కూర్చున్నాడు. ఆనాడు పడవ మీద ఒక్క మాట కూడా విసరలేదు.

తర్వాత నెలన్నర పడవ షెడ్డుకు రాలేదు. వారానికి రెండుసార్లు పొద్దున్నే షెడ్డు ముందు నుంచి పోతూ ఈరేష్ హారను కొట్టేవాడు, రాధిక చెయ్యి ఊపేది. ఉగాది దాటిన ఒక పొద్దున నరసప్ప టైరు బండి ఇరుసు కింద ఉండగా ఫోను మోగింది. సంతోషమ్మ తీసి అతని చెవి దగ్గర పెట్టింది.

"అన్నా, నేను రాధిక. మాధవరంలో ఇంటి ముందర చక్రం విప్పినా. గ్రీజు నువ్వు పెట్టినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది, తేనె మాదిరి. అయినా తుడిచి కొత్తది పట్టించినా. నట్టు ఎంత బిగించాలో తెలీల్యా."

నరసప్ప ఇరుసు కింద నుంచి బయటికొచ్చి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "చక్రం తిప్పుతా బిగించమ్మా. తిరగనని మొరాయించినప్పుడు ఆపు. ఆడ నుంచి రవ్వంత వెనక్కి తిప్పు, నట్టు జారకుండా పెట్టే పిన్ను బెజ్జం ఎదురుకొచ్చేంత. పట్టుకుని ఊపితే ఊగకూడదు, తిప్పితే ఆగకూడదు."

అటువైపు స్పానరు చప్పుడు, ఆమె ఊపిరి వినిపించాయి. "తిప్పినా అన్నా."

"ఫోను చక్రం కాడ పెట్టి తిప్పు."

లక్ష్మప్ప టీ గ్లాసుతో షెడ్డులోకి వస్తూ ఏదో అనబోయాడు. నరసప్ప చెయ్యెత్తి ఆపాడు. ఫోనులో చక్రం తిరుగుతోంది. గరగర లేదు, టకటక లేదు. ఒకే రకం సన్నని చప్పుడు, సాగి సాగి, నెమ్మదించి, చాలాసేపటికి ఆగింది. అతను సంతోషమ్మను పిలిచి ఫోను ఆమె చెవికి ఆనించాడు.

"ఇంకోసారి తిప్పమ్మా," అన్నాడు, "మా ఆమె వింటాది."