నా ముఖానికి తెరుచుకున్న ఫోన్

మా మనవరాలి ఫోన్ నా ముఖం చూసి తెరుచుకుంది. ఇందులో నా తప్పు గోరంత కూడా లేదు, ముందే చెబుతున్నాను.

ఆ రోజు పొద్దున కళ్లజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోయి, తడుముకుంటూ బల్ల మీదున్న ఫోన్ తీశాను. నాదీ దానిదీ ఒకే రకం ఫోన్లు, మా అబ్బాయి ఒకేసారి కొన్నాడు. నా తొడుగు నీలం, దానిది ఆకుపచ్చ. కళ్లజోడు లేకపోతే నాకు ఆ రెండు రంగులూ ఒకటే. టైము చూద్దామని ఫోన్ ముఖం దగ్గరికి తెచ్చుకున్నానో లేదో, టక్కున తాళం విడిపోయింది. నా ఫోన్‌కి అసలు తాళమే లేదు కదా, ఇదేమిటి అనుకునేలోపు తెర మీద దాని స్నేహితురాళ్లు నలుగురూ నాలుకలు బయటపెట్టి నన్ను వెక్కిరిస్తున్నారు. నిప్పు ముట్టుకున్నట్టు ఫోన్ బోర్లా పెట్టేశాను.

అదంతా పోలికల మహిమ. అదే వెడల్పాటి నుదురు, అదే చప్పిడి ముక్కు. "మోసి కన్నది నేను, పోలిక మాత్రం మీది" అని మా కోడలు పదహారేళ్లుగా సణుగుతూనే ఉంది. అరవై ఎనిమిదేళ్ల ముఖానికీ పదహారేళ్ల ముఖానికీ తేడా తెలియని ఆ చవక ఫోన్ మీద నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, ఆ పూట అద్దం ముందు రెండుసార్లు ఎక్కువే నిలబడ్డాను.

మా ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. వాడు ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎవరో ఒకరు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంటారు. "కంగారుపడకండి, బటన్లన్నీ నొక్కకండి" అని ఫోన్లో ధైర్యం చెబుతూనే వాడి భోజనం అయిపోతుంది. కోడలు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. రిపోర్టు చేతికి రానిదే ఎవర్నీ నమ్మని మనిషి. చేతులకి గ్లౌజులుంటాయి కాబట్టి పగలు ఫోన్ మోగినా ఎత్తదు. పని మధ్యలో మెసేజ్‌లు మాత్రం ఓ కంట చూసుకుంటుంది. ఇక మనవరాలు. దాన్ని నేను కందిరీగ అంటాను. ఒకచోట వాలదు, వాలిందంటే కుట్టకుండా లేవదు.

నా సంగతి వేరు. నేను ముప్పై ఒక్కేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా గోడంత బోర్డు, చేతిలో తీగలు. ఇటు తీగ అటు గుచ్చితే ఇద్దరు మనుషులు కలిసేవాళ్లు. కలిసింది లేనిది చూడ్డానికి ఒక్క క్షణం వినాలి, వెంటనే తప్పుకోవాలి. విన్నది ఆ గది గుమ్మం దాటకూడదు. చేరిన రోజున మా సూపర్‌వైజరమ్మ చెప్పిన మొదటి మాట అదే. ఒకసారి మా అత్తగారు వాళ్ల అక్కయ్యకి ఫోన్ చేస్తే ఆ కాల్ నేనే కలపాల్సి వచ్చింది. తప్పుకునేలోపే "మా కోడలి వంటా? గొడ్డు కూడా ముట్టదు" అన్న ముక్క చెవిన పడింది. సాయంత్రం ఇంటికెళ్లి మళ్లీ అదే వంట చేశాను, ఆవిడకి రెండోసారి కూడా వడ్డించాను. ఆవిడ పోయేదాకా నాకు తెలుసని ఆవిడకి తెలియదు. నా జీవితంలో నేను గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉందంటే, ఆ ముప్పై ఒక్కేళ్లలో ఒక్క మాట కూడా బయటపెట్టకపోవడమే.

అలాంటిదాన్ని మా కోడలు ఇరకాటంలో పెట్టింది.

మూడు వారాలుగా కందిరీగ సరిగ్గా సాయంత్రం ఆరింటికి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంటోంది. ఏడింటిదాకా రాదు. ఒకరోజు బట్టలు తియ్యడానికి వెళ్లిన కోడలికి తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి. "నెమ్మదిగా... భయపడకు, ఏం కాదు... నేనున్నాగా... అమ్మకి చెప్పను, ఒట్టు!" మర్నాడు ఫోన్ మోగినప్పుడు తెర మీద పేరు కూడా చూసింది. హీరో. పక్కన ఎర్రటి గుండె బొమ్మ.

కోడలికి ఆ రాత్రి అన్నం దిగలేదు.

సరిగ్గా అప్పుడే నా దరిద్రం కొద్దీ, కళ్లజోడు తుడుచుకుంటూ బల్ల మీదికి వంగాను. అక్కడున్న ఆకుపచ్చ ఫోన్ మళ్లీ నన్ను చూసి తెరుచుకుంది. కోడలు పక్కనే ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు అయింది దాని ముఖం.

"అత్తయ్యా! మీ ముఖానికి తెరుచుకుంటోందా?"

"ఏదో... పొరపాటున."

"ఒక్కసారి తెరవండి చాలు. ఆ హీరో ఎవడో చూసి మూసేస్తాను."

"నావల్ల కాదమ్మాయ్."

"మీ మనవరాలి కోసం కూడా కాదా?" అంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు దానికేమైనా అయితే మీ నియమం అడ్డొస్తుందా? ఆదివారందాకా చూస్తాను అత్తయ్యా. తేలకపోతే ఫోన్ లాక్కుని హాస్టల్లో పడేస్తాను. చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉంటుంది."

అన్నంత పనీ చేసే మనిషి. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. ఇన్నేళ్లూ నా నియమంతో ఎవరికీ నష్టం రాలేదు. ఇప్పుడు ఆ నియమం గొప్పదా, పిల్ల గొప్పదా? అది నిజంగానే ఏ మాయగాడి వలలోనో పడి ఉంటే, తెరవగలిగి కూడా తెరవని ముసలిదాన్ని నేనే అవుతాను. అది హాస్టల్‌కి పోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేవాళ్లు కూడా ఉండరు. రెండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ఒకసారి కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని ఆ ఫోన్ దాకా వెళ్లాను కూడా. అంతదాకా వెళ్లి, దాని మీద చేతిరుమాలు కప్పి వచ్చేశాను.

శుక్రవారం సాయంత్రం కందిరీగ బడి నుంచి రాగానే గదిలోకి పిలిచి చెప్పేశాను.

"నీ ఫోన్ నా ముఖానికి తెరుచుకుంటోందే. తాళం మార్చుకో."

అది బ్యాగు కింద పడేసింది. "ఏంటీ? ఎన్నాళ్లనుంచి?"

"వారం."

"అయితే నా మెసేజ్‌లన్నీ చదివేశావా?"

"ఒక్కటి కూడా చదవలేదు."

"చదవాలనిపించలేదా?"

"ఎందుకనిపించదే! కడుపు ఉబ్బి చస్తున్నాను."

అది అక్కడే కూర్చుని ముఖం తాళం తీసేసి అంకెల తాళం పెట్టుకుంది. వాళ్లమ్మ ఆదివారం ఏం చేయబోతోందో కూడా చెప్పాను.

"పోనీ ఆ హీరో ఎవరో అమ్మకి చెప్పెయ్యవే. గొడవ తీరిపోతుంది."

"అది నా రహస్యం కాదు నాయనమ్మా. వేరేవాళ్లది. మాటిచ్చాను."

అప్పుడు నాకు దాని మీద కోపం రావాల్సింది. గర్వం వచ్చింది. పోలిక ముక్కు దగ్గరే ఆగలేదన్నమాట అనుకున్నాను.

తాళం మారిందని కోడలికి తెలిశాక ఇంట్లో గిన్నెలు మాట్లాడ్డం మొదలుపెట్టాయి. "మీరూ దాని జట్టేనా అత్తయ్యా" అని ఒక్క మాట అంది, అంతే. నా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడుకి పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. మా అబ్బాయి సంగతి అడక్కండి. "ఆడవాళ్ల మధ్యలో ఇరుక్కుంటే తీసే మెకానిక్ లేడమ్మా" అని చేతులెత్తేసి శనివారమంతా డ్యూటీ వేయించుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం ఆరవుతుండగా కందిరీగ తలస్నానం చేస్తోంది. ఫోన్ ముందుగదిలో చార్జింగుకి పెట్టి ఉంది. ఆరు కొట్టగానే మోగింది. హీరో. ఎర్ర గుండె.

కోడలు లేచింది.

"అది నీది కాదమ్మాయ్" అన్నాను.

"నా కూతురు నాదేగా" అని పచ్చగుర్తు నొక్కేసింది.

అది వీడియో కాల్. తెర నిండా ఏదో వచ్చింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. మడతలు, గుంటలు, తెల్లటి వెంట్రుకలు. కళ్లజోడు సవరించుకుని చూశాను. చెవి! దోసెడంత చెవి. ఫోన్‌ని చెవికి ఆనించుకుని మాట్లాడుతున్నారెవరో. ఆ చెవి అంచున చిన్న గాటు ఉంది.

కోడలు ఆ గాటునే చూస్తూ బిగుసుకుపోయింది. నాకూ ఆ చెవి తెలుసు. మా వియ్యంకుడిది.

ఆయన ఇక్కడికి బస్సులో రెండు గంటల దూరంలో ఉంటారు. వాచీలు బాగుచేస్తారు. ఫోన్లొచ్చాక జనం వాచీలు పెట్టుకోవడం మానేశారని ఆయనకి వాటి మీద పగ. వాళ్లింటికి వెళ్తే గుమ్మంలో చెక్కపెట్టె ఉంటుంది, అందరూ ఫోన్లు అందులో పడేసి లోపలికి రావాలి. అల్లుడి ఫోన్ కూడా. ఆ దెబ్బకి ఒకసారి ఎవరో పెద్దమనిషి లిఫ్టులో గంటన్నర ఉండిపోయాడు. "నా కంఠంలో ప్రాణముండగా ఫోన్ కొనను" అని ఆయన నా ముందే పదిసార్లు శపథం చేశారు. ఇంట్లో పాత తీగ ఫోను ఒక్కటే ఉంది, కూతురికి దాంట్లోంచే చేస్తారు. చేసినప్పుడల్లా ఈవిడ ల్యాబ్‌లో ఉంటుంది. ఎత్తదు. సాయంత్రం చేద్దామనుకుని మర్చిపోతుంది.

ఇప్పుడు ఆ చెవి వెనకనుంచి ఆయన గొంతు హుషారుగా వచ్చింది.

"గురువుగారూ! నిన్న చెప్పింది మళ్లీ మర్చిపోయానమ్మా. 'మ' కింద ఒత్తు ఎక్కడుందీ? మీ అమ్మకి మెసేజ్ ఇవాళైనా పూర్తిచెయ్యాలి. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకునే వేళ్లు, ఈ అద్దం మీద జారిపోతున్నాయి!"

కోడలు నోరు తెరిచింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. పాత అలవాటు.

"ఫోన్ చేస్తే పాపం పనిలో ఉంటుంది, ఎత్తదు" అన్నారాయన. "మెసేజయితే చూస్తుందన్నావుగా. దాని గొంతు విని నెల దాటింది తల్లీ. తిన్నావా అని అడిగితే చాలు నాకు. ఆ... ఎవరికీ చెప్పకు. ఫోన్లని ఇన్నాళ్లు తిట్టిన నోరు ఇది. మీ నాయనమ్మకి తెలిసిందంటే నన్ను బతకనివ్వదు."

తడి జుట్టుతో, మెడలో తువ్వాలుతో కందిరీగ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోడలు మాట్లాడకుండా వెళ్లి ఫోన్ దాని చేతిలో పెట్టింది. నేర్పు, నేర్పు అని చేత్తో సైగ చేసింది. బాల్కనీ తలుపు కూడా తనే తీసింది.

నేను వంటింట్లోకి వెళ్లేసరికి కుళాయి తిప్పి, ఏమీ కడగకుండా నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది కూడా.

"హీరోనట!" అంది. "అత్తయ్యా, నేను విన్నానని నాన్నకి తెలియకూడదు."

"ఎవరమ్మా, ఏం వినడం?" అన్నాను. "నేనేమీ వినలేదు."

ముప్పావుగంట తర్వాత కోడలి ఫోన్ చిన్నగా మోగింది. ఎవరిదో తెలియని నంబరు. "అమాయి తినావా నాన" అని ఉంది. ఒత్తులు ఒక్కటీ పడలేదు. కోడలు దాన్ని నాలుగుసార్లు చదివింది. "తిన్నాను నాన్నా. నువ్వు?" అని రాసి, పంపి, అదే చేత్తో ఆయనకి ఫోన్ చేసింది. ఆ రాత్రి మా ఇంట్లో వంట నేనే చేశాను. అదృష్టం బాగుండి ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు.

పోయిన వారం వియ్యంకుడుగారు మా ఇంటికొచ్చారు. "ఫోన్ మంచిదని నేననను చెల్లెమ్మా, కాలం బట్టి పోవాలి గదా అని..." అంటూ జేబులోంచి బయటికి తీశారు. "నిజమే అన్నయ్యగారూ" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఎక్స్ఛేంజిలో కూడా నేనింత కష్టపడలేదు.

ఆయన బస్సెక్కాక కందిరీగ వచ్చి నా పక్కన కూర్చుంది. తన ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"కళ్లజోడు తియ్యి నాయనమ్మా. ఇటు చూడు. తల కొంచెం ఎడమకి తిప్పు."

"ఏం చేస్తున్నావే?"

"నీ ముఖం పెడుతున్నా తాళానికి. నాదీ, నీదీ."

"నాదెందుకే? నేను తెరవనుగా."

"అందుకే" అంది అది.

మా సూపర్‌వైజరమ్మ బతికుంటే బాగుండేదనిపించింది. రిటైరైన రోజున నాకు శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, ఒకాయన అరగంట మాట్లాడాడు. వాటిలో ఏదీ నాకు ఇంత సంతోషం ఇవ్వలేదు.

"నవ్వకు నాయనమ్మా, సరిగ్గా రాదు" అని కసిరింది. ఎంత ప్రయత్నించినా ఆపుకోలేకపోయాను. చివరికి ఆ ఫోను నవ్వుతున్న ముఖాన్నే నమోదు చేసుకుంది.