మాస్టరుగారి కాజాలు

టైలరు మాస్టరు పోయిన పదిహేనో రోజున సంతాపసభ ఇంట్లోనే పెట్టారు. ముందుగదిలో పొగడ్తలు, వంటింట్లో టీకప్పులు. మాస్టరు భార్య కప్పులు కడిగి బోర్లిస్తూ అన్నీ వింటోంది. వాళ్ళు చెప్పేది అబద్ధమేం కాదు. మనిషి కష్టజీవి. తాగుడు లేదు, తిరుగుడు లేదు. మిషను తొక్కీ తొక్కీ కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. ఆ కాళ్ళకు కాపడం పెట్టిందెవరని ఎవరూ అడగరనుకోండి, అది వేరే సంగతి.

ఇంతలో ప్లీడరుగారు లేచారు. కోర్టు నుంచి తిన్నగా వచ్చారు. నలభై ఏళ్ళుగా మాస్టరు దగ్గరే కోట్లు కుట్టించుకున్న మనిషి. వేసుకున్న నల్లకోటు గుండీ విప్పి అందరికీ చూపించారు. "కోటు ఎవరైనా కుడతారండీ. ఈ కాజా చూడండి. గుడ్డ చిరిగినా కాజా చెదరదు. ఆ పనితనం మాస్టరుతోనే పోయింది," అన్నారు.

ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది.

ఆ కాజా ఆమెది. పెళ్ళయిన రెండో నెలలో మాస్టరు సరదాగా నేర్పాడు. ఆ సరదా నలభై ఏళ్ళు సాగింది. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని, కాళ్ళమీద పిల్లను పడుకోబెట్టుకుని, పోగు పోగుకీ ముడి వేస్తూ ఎన్ని వేల కాజాలు కుట్టిందో. కాన్పయిన ఎనిమిదో రోజుకే కోట్ల మూట మంచం పక్కకొచ్చింది. ఒకసారి నోరు తెరిచి అడిగింది కూడా, కాజాలు నావని ఎవరికైనా చెప్పొచ్చుగా అని. "ఇంట్లో ఆడాళ్ళు కుట్టారంటే ప్లీడరు వేసుకుంటాడటే? నీదేంటి, నాదేంటి, అంతా ఒకటేగా," అని నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. కోపం తెచ్చుకోవడానికి తీరికుండొద్దూ?

సభ అయిపోవచ్చింది. మరిది ఆమె పెద్దకొడుకుతో షాపు ఖాళీ చేసేద్దామంటున్నాడు. పనివాడే పోయాక షాపెందుకు, మిషను ఎవరికైనా ఇచ్చేస్తే సరి, వదిన మనవల్ని చూసుకుంటూ విశ్రాంతిగా ఉంటుంది అని. పిల్లల్ని చూసుకోవడం విశ్రాంతని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"అత్తయ్యా, ఇంకో నాలుగు టీలు," అంది కోడలు గుమ్మంలోంచి.

ఆమె చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచి, ప్లీడరుగారి కోటు కేసి చూసింది.

"ప్లీడరుగారూ, మీ కోటుకి అడుగు కాజా దారం వదులైంది. రేపు పదింటికి షాపు తీస్తాను. ఆ కాజాలన్నీ నేను కుట్టినవే. నేనే బిగిస్తాను."

"అమ్మా, ఇప్పుడెందుకివన్నీ," అన్నాడు కొడుకు.

ప్లీడరుగారు వంగి అడుగు కాజా చూసుకున్నారు. నిజమే, వదులైంది. మెల్లగా కోటు విప్పారు. ఆమెకు ఇవ్వబోతూ ఆగి, గోడ మీద మాస్టరు ఫొటో వైపు చూశారు.

"ఆయన్నేం అడుగుతారండీ," అంది ఆమె. "ఇలా ఇవ్వండి."