రంగం ఊసు

అప్పలరాముడు లాగాడు. అవతలివాడు లాగాడు. అండమాన్‌లోని మాయాబందర్ కలప డిపోలో పొద్దుటి నుంచీ ఆ పడాక్ దుంగ మీద ఇద్దరి రంపం ఆడుతోంది. ఎర్రటి పొట్టు పాదాల మీద రాలుతోంది. అప్పలరాముడివి వెడల్పాటి భుజాలు. వీపు మాత్రం వంగడం మొదలైంది. పై పెదవి మీద చెమట నిలిచినా తుడుచుకోడు. రంపం ఆగితే అవతలివాడు మాట కలుపుతాడు.

అవతలివాడు సా పో, వేబీ ఊరి కరెన్ తెగవాడు. వాడి తల్లిదండ్రులు తెల్లవాళ్ల కాలంలో అడవి కొట్టడానికి బర్మా నుంచి వచ్చారు. వాడు ఇక్కడే పుట్టాడు, బర్మా నేల తొక్కి ఎరగడు. అప్పలరాముడికి అదేమీ పట్టదు. ఒళ్లు మండడానికి ఆ బర్మా ముఖం చాలు.

అప్పలరాముడు పుట్టింది బర్మా రాజధాని రంగంలో. నదిలో సాంపాన్ పడవ వేసి జనాన్ని అవతలి దాలా ఒడ్డుకి చేర్చేవాడు. ఇండియా, బర్మా అన్నదమ్ములని రేడియో చెప్పేది. ఒకనాడు బర్మా గద్దె మీదికి సైన్యం జనరల్ ఎక్కాడు. ఆ తర్వాత రంగంలో పుట్టినవాడు పరాయివాడయ్యాడు. దేశం నుంచి తరిమేస్తే, ఓడ ఎక్కే రేవులో భార్య గవరమ్మ ముక్కుపుడక లాక్కున్న పోలీసు, ఏళ్ల తరబడి అతని పడవలో ఊరికే నది దాటినవాడే. పేరు పెట్టి పిలిచినా తలెత్తలేదు. గవరమ్మ విశాఖ కాందిశీకుల శిబిరంలో జ్వరంతో పోయింది. ఆమెని దహనం చేసి అతను అండమాన్ ఓడ ఎక్కాడు. అప్పటి నుంచి ఒక్క బర్మా మాట పలకలేదు.

మధ్యాహ్నం టీ కొట్టులో రేడియో వాగింది. రెండు దేశాలూ సరిహద్దు గీసుకుని మళ్లీ చేతులు కలిపాయట. కొట్టు కన్నారావు గ్లాసు అందిస్తూ నవ్వాడు.

"రావుడు బావా, మీవోళ్లు మళ్లీ కలిసిపోనారంట. ముక్కుపుడక పోస్టులో అంపుతారేటో సూడు."

అప్పలరాముడు టీ నేల మీద పారబోసి లేచాడు.

దుంగ దగ్గర సా పో రంపం పట్టుకోలేదు. తల్లి ఈ రాత్రి దాటేలా లేదన్నాడు. పాస్టర్ వచ్చి ప్రార్థన చేశాడట. ఆమెకి అది చాలలేదు. బర్మా నది ఊసు కావాలంటోందట, అదీ ఆ భాషలోనే. ఇక్కడ ఆ నదిని ఈమధ్య చూసినవాడు అప్పలరాముడొక్కడే.

"ఆ దేశం ఊసెత్తితే నా నోట బూతే వస్తాది," అన్నాడు అప్పలరాముడు.

"బూతే చెప్పు భయ్యా. విననీ."

తిట్టడానికే వెళ్లాడు.

వేబీలో గుంజల మీద కట్టిన చెక్క ఇల్లు. ముసలామె చాప మీద ఎండిన అల్లం కొమ్ములా ముడుచుకుని ఉంది. అప్పలరాముడు గుమ్మంలోనే కూర్చున్నాడు. ఇచ్చిన నీళ్లు ముట్టలేదు. నోరు తెరిస్తే బర్మా భాష ఎక్కడా తడబడకుండా వచ్చింది. జనరల్‌ని తిట్టాడు. పోలీసుని, వాడి తల్లిని తిట్టాడు. రేవుని, రేవు మెట్లని, తన పడవని తీసుకుపోయినవాళ్లని, బురద రంగు నదిని తిట్టాడు. ముసలామె పెదవులు కదిలాయి.

"నీళ్లు పోటు మీదున్నాయా?"

"పాటు," అన్నాడు కసిగా. "నీళ్లు లాగేసి బురద కంపు కొడుతోంది."

ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది.

అతను మళ్లీ మొదలుపెట్టాడు. తిట్టుకుంటూ ఓడ దాకా వచ్చాడు. గవరమ్మ దాకా వచ్చేసరికి సా పో అతని భుజం మీద చెయ్యి వేశాడు. ముసలామె పోయింది. ఎప్పుడు పోయిందో అతను చూడలేదు.

భుజం మీది చెయ్యి తీసేసి లేచాడు. ఎవర్నీ క్షమించలేదు. తిట్టాల్సింది ఇంకా మిగిలే ఉంది. వినే మనిషే లేదు.

చాప పక్కన కొబ్బరి చిప్పలో, మళ్లీ కాల్చుకుందామని ఆమె ఆర్పి పెట్టుకున్న సగం చుట్ట ఉంది. నోట పెట్టుకున్న కొస ఇంకా తడి ఆరలేదు.